బూదమ్మ పాల వాసన

నల్లకోనలో వాగునీళ్ల కోసం తోడేళ్లకూ అడవికుక్కలకూ యుద్ధం ముదిరింది. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు, పెద్దల పంతాలకు కూనలు దిక్కులేనివయ్యాయి.

గండన్న అనే తోడేలు తమ్ముడు ఆ పోరులోనే చచ్చాడు. తమ్ముడి కూన కోసం గండన్న వెతకని పొద లేదు. అప్పుడు తంపులయ్య అనే నక్క వచ్చి చెవిలో ఊదాడు.

"గండన్నా, కూన బతికే ఉంది! కొండగుహలో బూదమ్మ అనే గాడిద, దిక్కులేని కూనలన్నిటినీ సాకుతోందట. మీవాటిని తెచ్చుకో, రేపు పోరుకు పనికొస్తాయి. కుక్కకూనల పీకలు అక్కడే కొరికెయ్."

"గాడిద పంచన తోడేలు కూనా!" గండన్న పళ్లు నూరుతూ బయల్దేరాడు.

గుహలో బూదమ్మ పడుకుని ఉంది. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. ఆమె మీద ఎగబడి కూనలు పాలు తాగుతున్నాయి. బురదలో పొర్లి అన్నీ ఒకటే రంగు.

"మా తమ్ముడి కూన ఏది?" గుర్రుమన్నాడు గండన్న.

"ఇందులోనే ఉండొచ్చు నాయనా. ఆకలితో వచ్చాయి, ఎవరి బిడ్డలని నేనడగలేదు. వాసన చూసి తీసుకెళ్లు."

కొండ అవతలి జింకనైనా పసిగట్టే ముక్కు గండన్నది. అయినా అతనికి తోడేలు వాసన తగల్లేదు, కుక్క వాసనా తగల్లేదు. ఏ కూనను చూసినా పాల వాసనే.

"ముక్కు కాకపోతే గొంతుంది కదా! పోరుకేక వెయ్యి, మీ రక్తమైతే బదులు పలుకుతుంది" అన్నాడు తంపులయ్య.

గండన్న కేక వేశాడు. కొండ మారుమోగింది. ఒక్క కూనా పలకలేదు. అన్నీ వణుకుతూ బూదమ్మ పొట్ట కిందికి దూరాయి. ఒకటి, తనకంటే చిన్నదాన్ని ఒంటితో కప్పి కళ్లు మూసుకుంది. ఆ కేక పసివాళ్ల చెవికి ఎలా ఉంటుందో గండన్నకు అప్పుడే తెలిసింది.

"నీకు తిండెలా అమ్మా?" గొంతు తగ్గించి అడిగాడు.

"ముళ్లపొదలున్నాయిగా. నీళ్లకే కష్టం. వాగు దగ్గర మీరుంటారు."

పులికైనా వంగని తల ఆ బక్కగాడిద ముందు వంగింది.

పోరు ఆగితే నక్కకు శవాల విందేదీ? తంపులయ్య మెల్లగా జారుకుని అడవికుక్కల దగ్గరికి ఉరికాడు. "మీ కూనల్ని తోడేలు పట్టుకుంది!"

కుక్కల పెద్ద ఎర్రక్క మందతో దూసుకొచ్చింది. గండన్న కోరలు చూపలేదు, పక్కకు తప్పుకున్నాడు.

"నువ్వే చూసుకో ఎర్రక్కా. మీవేవో తెలిస్తే నాకూ చెప్పు."

ఎర్రక్క చాలాసేపు వెతికింది. చివరికి బూదమ్మ పక్కనే ఒరిగి తానూ పాలిచ్చింది. ముందుగా వచ్చి నోరు పెట్టిన కూన ఎవరిదో చూడలేదు. ఇలాంటిది గండన్న తాతలు కూడా చూసి ఉండరు!

"కుక్కకూనల్ని కొరకమన్నది తంపులయ్యే" అన్నాడు గండన్న.

"తోడేలు పట్టుకుందన్నదీ వాడే" అంది ఎర్రక్క.

మంద వెనకే వచ్చి గుహ వాకిట్లో నక్కిన నక్క వెంట తోడేలూ కుక్కా కలిసి పడ్డాయి. కోన దాటిన తంపులయ్య మళ్లీ ఆ దిక్కు చూడలేదు.

యుద్ధం ఆ రోజే ఆగిపోలేదు. కానీ బూదమ్మ కూనలతో వాగుకు దిగితే, రెండు మందలూ ఎక్కడివక్కడ నిలబడిపోయేవి. చివరి కూన నీళ్లు తాగి గట్టెక్కేదాకా కోనంతా గాలి చప్పుడే.

నీతి: ఎవరి బిడ్డవని అడగకుండా పాలు పట్టే తల్లికి, ఎంతటి పగైనా పక్కకు తొలగి దారిస్తుంది.