నాలుగు మిల్లీలీటర్లు

పైడిరాజుకి రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. పిల్లల ఆసుపత్రి కోసం అతను రాసిన ప్రోగ్రాము మర్నాడే మొదలు. బిడ్డ బరువు కొడితే జ్వరం మందు మోతాదు చెబుతుంది. నర్సులు అదే పోస్తారు.

అతను చదివింది బి.ఏ. చరిత్ర. ప్రోగ్రాములు రాయడం వీడియోలు చూసి నేర్చుకున్నాడు, అదీ రెట్టింపు వేగంలో. అందుకే తనకి సగమే వచ్చిందేమోనని అనుమానం. పోనీ అని ఆఫీసులో ఇద్దరు ఇంజనీర్లకి చూపిస్తే, ఇద్దరూ తెరవకుండానే "సూపర్ బ్రో" అన్నారు. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

సంతకం కోసం జలీల్ మాస్టారింటికి వెళ్లాడు. ప్రోగ్రాముల్లో అతని తప్పులు దిద్ది దారిలో పెట్టింది ఆయనే. ఆయన సరేనంటేనే ఆసుపత్రివాళ్లు ఒప్పుకుంటారు.

"ఇంజనీరింగ్ చదవనివాణ్ణి. ఈ పని నేను చెయ్యొచ్చా మాస్టారూ?"

"పరీక్షించి చూశావా?"

"రెండొందల సార్లండి. ఒక్కసారీ తప్పలేదు."

మాస్టారు లోపలికెళ్లి మనవరాలిని ఎత్తుకొచ్చారు. నాలుగేళ్ల సాదియా జ్వరంతో ఆయన భుజమ్మీద వాలిపోయి ఉంది.

"పద్నాలుగు కిలోలు. కొట్టు."

కొట్టాడు. నాలుగు మిల్లీలీటర్లని వచ్చింది. మాస్టారు సీసా తీసి, కొలిచి, పిల్ల నోటి దగ్గర పెట్టారు.

పైడిరాజు గభాల్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఏవయ్యా? రెండొందల సార్లన్నావుగా?"

"అందులో ఒక లైనుందండి..." పట్టిన చెయ్యి వదల్లేదు. "నాది కాదు. ఎక్కడో దొరికితే తెచ్చి అతికించాను. ఏం చేస్తుందో తెలీదు. తీసేస్తే మాత్రం ప్రోగ్రాము నడవదు."

మాస్టారు జేబులోంచి డాక్టరు చీటీ తీసి చూపించారు. అందులోనూ నాలుగే. సాదియా మందు మింగి, ఆ చేదు పైడిరాజే కలిపినట్టు అతని వంక గుర్రుగా చూసింది.

"లెక్క సరిపోయింది. ఏదీ, కాగితం ఇలా తే," అన్నారు మాస్టారు, కలం తీసి.

పైడిరాజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"రేపు కుదరదండీ... లేదండీ, పాడవలేదు. బాగానే నడుస్తోంది."

బాగా నడిచేదాన్ని ఆపడమెందుకని అవతలాయన కేకలేస్తున్నాడు.

"అదెలా నడుస్తోందో నాకే ఇంకా అర్థం కాలేదండీ," అన్నాడు పైడిరాజు.

మాస్టారు కలానికి మూత పెట్టి, తన పక్కకి ఇంకో కుర్చీ లాగారు.

"ఆ లైను చూపించు."