విలువ అని పేరు పెడితే

కడపలో దస్తగిరి సారు దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లలో త్రిలోచన్ అందరికంటే పాతవాడు. నిన్న గాక మొన్న వచ్చిన రెహానాని చూస్తే వాడికి ఒళ్లు మండేది. సారు ఆమె రాసినదాన్ని చూసి "ఊఁ" అన్నా చాలు, ఆ పూట వాడికి అన్నం సయించేది కాదు. అసూయే అది. దానికి వేరే పేరు పెట్టి ప్రయోజనం లేదు.

పొలాల కొలతలు గీసుకునే యాప్ ఒకటి స్విఫ్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తయారవుతోంది. ఏ రకం పటాన్నయినా దాచగలిగే జెనెరిక్ అర ఒకటి రాసి తెమ్మని సారు ఇద్దరికీ చెప్పారు. ఎవరిది నచ్చితే వాళ్లు ఇకపై సారు పక్కన కూర్చుని కొత్తవాళ్లకి పాఠం చెబుతారు. త్రిలోచన్‌కి ఆ కుర్చీ కావాలి. రెహానాకి అది దక్కకూడదు. రెండింటిలో ఏది ఎక్కువ కావాలో వాడికే తెలియదు.

చిక్కు ఒకటుంది. స్విఫ్ట్‌లో పటాన్ని స్ట్రక్ట్ అనే రకంగా రాసి ఇస్తే జిరాక్సు తీసి ఇచ్చినట్టు. ఎవరి కాగితం వాళ్లది, ఒకరు గీస్తే రెండోది చెడదు. ఇలాంటివాటిని విలువలంటారు. క్లాస్ అనే రకం అలా కాదు. ఉన్నది ఒక్కటే కాగితం, దాన్నే అందరూ పట్టుకుంటారు. అరలోకి క్లాస్ వచ్చిందా, కొత్త గీత గీసినప్పుడల్లా దాచిన పాత పటమూ మారిపోతుంది. క్లాసులే రావాలని చెప్పడానికి ఆ భాషలో మాట ఉంది. స్ట్రక్టులే రావాలని చెప్పడానికి లేదు.

అందుకని రెహానా తన కోడ్ పైన ఒక ముక్క రాసి ఊరుకుంది: 'దయచేసి స్ట్రక్టులే ఇవ్వండి.' అది చూసి త్రిలోచన్ పగలబడి నవ్వాడు. వాడు 'విలువ' అని ఒక ప్రోటోకాల్, అంటే రకాలకి తగిలించే చీటీ లాంటిది, కల్పించాడు. అందులో ఏమీ లేదు, పేరొక్కటే. ఆ పేరు తగిలించుకున్న రకాలే తన అరలోకి రావాలని షరతు పెట్టాడు.

"విలువ ఉండేవే లోపలికొస్తాయి సార్. ఆ యమ్మది దండం పెట్టి అడుక్కునేది" అన్నాడు, రెహానాకి వినబడేట్టు.

సారు కీబోర్డు తన వైపు లాక్కున్నారు. ఒక పటాన్ని క్లాస్‌గా రాశారు. దాని పక్కన 'విలువ' అని పెట్టి అరలోకి పంపారు. తప్పులు పట్టాల్సిన కంపైలర్ కిమ్మనలేదు. తర్వాత పటంలో ఒక గట్టును పక్కకి జరిపారు. అరలో దాచిన పాత పటంలోనూ గట్టు జరిగింది.

త్రిలోచన్ స్క్రీన్ దగ్గరికి వంగి చూశాడు. పేరు తగిలిస్తే ఏదైనా వచ్చేస్తోంది. వాడు అడిగాడు.

"మరి వచ్చింది నిజంగా విలువో కాదో ఎట్ల తెలిసేది సార్?"

"ఒకదాన్ని మార్చి, రెండోదాన్ని చూడాల."

అది అర్థమైనట్టు వాడు తలూపాడు. సారు వెనక్కి తిరిగి రెహానాని పిలిచారు.

"నీ అరే పెట్టుకుందాం మా. లేని తాళం ఉందని నువ్వు చెప్పలేదు. రేపట్నించి నా పక్కన కూచో."

రెహానా మొహం వెలిగింది. సారు అటు చూడనే లేదు. ఆయన కళ్లు త్రిలోచన్ మొహం మీదే ఉన్నాయి. అది మాడిపోయింది, వాడు దాచుకోలేకపోయాడు.

"ఇట్ల తెలిసేది" అన్నారు సారు.