తెల్లబడిన పగడం

మా మృదుల పెంచుతున్న పగడం తెల్లబడిపోయింది.

నగల్లో పొదిగే పగడం కాదు. ప్రాణమున్నది. మా హాల్లో ఉప్పునీటి అక్వేరియంలో రాతిని కరుచుకుని పెరుగుతోంది. మొదట్లో వంకాయ రంగులో ఉండేది. రంగు తగ్గుతోందని మృదుల లైటు పెంచింది. ఇంకా తగ్గింది. ఇంకా పెంచింది. ఆదివారం పొద్దున చూస్తే సున్నం కొట్టినట్టుంది.

"చచ్చిపోయిందే అమ్మా," అంది.

అది మాది కాదు. కృపానందం మాస్టారిది.

మాస్టారు విశాఖలో ఎన్నో ఏళ్లుగా సముద్రపు జీవుల్ని ఇంట్లో పెంచుతున్నారు. నేర్చుకుంటామని వచ్చినవాళ్లచేత ముందు నీళ్లు మార్పిస్తారు, గాజు తుడిపిస్తారు. చేయి కుదిరిందనిపించిన రోజున, తన పాత పగడంలోంచి చిటికెనవేలంత ముక్క కత్తిరించి ఇస్తారు. ఒక ఇంట్లో పోయినా ఇంకో ఇంట్లో బతకాలని. మృదులకీ అలాగే ఇచ్చారు.

మొన్న తుఫానుకి ఊరంతా కరెంటు పోయింది. మాస్టారింట్లో తొట్టెలో నీళ్లు కదలడం ఆగిపోయింది. అందులో ఉన్నవన్నీ పోయాయి. ఆయన శిష్యుల ఇళ్లలోనూ అంతే. మా అపార్ట్‌మెంట్‌కి జనరేటర్ ఉంది కాబట్టి మాది మిగిలింది. ఇదొక్కటే మిగిలింది. ఒక ముక్క తీసుకెళ్తానని ఆయన ఆ ఆదివారమే వస్తున్నారు.

"రావద్దని ఫోన్ చెయ్యవే," అన్నాను.

"ఏమని చెప్పను?"

ఇంతలో బెల్లు మోగింది.

మాస్టారు చెప్పులు విడుస్తూనే నవ్వారు. "ఏమ్మా మృదులా, మా పాప కులాసానా?"

మృదుల అక్వేరియానికి అడ్డంగా నిలబడిపోయింది. ఆయన నవ్వు ఆగింది. మృదుల పక్కకి తప్పుకుంది.

ఆయన చూశారు. నేను ఆయన మొహం చూడలేకపోయాను. ఇంట్లో ఎవరో పోతే పలకరించడానికి వచ్చినవాళ్లు నిలబడినట్టు నిలబడ్డారు.

"లైటు ఎప్పుడు వేస్తున్నావు?" అన్నారు.

"పగలంతా టైమరు మీద వెలుగుతుంది మాస్టారూ. రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక మళ్లీ నేను వేస్తాను."

"మళ్లీ ఎందుకూ?"

"మరి నేను చూసుకునేది అప్పుడే కదండీ. ఇంత కష్టపడి పెంచి, చూసుకోకపోతే ఎలా?"

"ఎంతసేపు ఉంచుతావు?"

"పడుకునేదాకా."

ఆయన నావైపు తిరిగారు. "ఎప్పుడు పడుకుంటుందమ్మా ఈ పిల్ల?"

"తెల్లారగట్ల, మాస్టారూ," అన్నాను.

ఆయన వంగి లైటు ప్లగ్గు పీకేశారు. కర్టెన్లు వెయ్యమన్నారు. వేశాను. అక్వేరియం ముందు నేలమీద చతికిలబడ్డారు.

"మాస్టారూ, చచ్చిపోయినదానికి ఇప్పుడు చీకటి చేసి ఏం లాభం?"

"కూర్చో."

కూర్చుంది. నేనూ గోడకి ఆనుకుని కూర్చున్నాను. వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఎవరం లేవలేదు.

మృదుల ఉండబట్టలేకపోయింది. ఫోన్ తీసి లైటు వేసింది. మాస్టారు తిట్టలేదు. అరచేయి తెచ్చి ఆ లైటు మీద పెట్టారు. వేళ్ల సందుల్లో రక్తం ఎర్రగా మెరిసింది. మృదుల ఆర్పేసేదాకా చెయ్యి తియ్యలేదు.

"ఏమీ కనబడట్లేదండీ," అంది మృదుల.

"నీకు," అన్నారు.

ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. కళ్లు చీకటికి అలవాటుపడ్డాయి. కర్టెన్ అంచు పక్కనుంచి కాస్త వెలుతురు వస్తోంది. ఆ సున్నపు రాయిమీద ఏదో కదిలినట్టనిపించింది. వెంట్రుకంత. నీళ్ల కదలికే అనుకున్నాను.

మళ్లీ కదిలింది. పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. పురిటిబిడ్డ పిడికిలి విప్పినట్టు, ఆ తెల్లటి ఒళ్లంతా చిన్న చిన్న వేళ్లు బయటికొస్తున్నాయి.

నేను కేక పెట్టాను. చేత్తో నోరు మూసుకున్నాను.

"బతికే ఉందా!" అంది మృదుల. "మాస్టారూ... దాన్ని పీకి పారేద్దామనుకున్నానండీ. మీరు రాకముందే."

"రంగు పోయింది," అన్నారాయన మెల్లిగా. "ప్రాణం ఇంకా పోలేదు. చీకటి పడితేనే ఇది వేళ్లు చాపుతుంది, నువ్వేమో దీనికి రాత్రన్నదే లేకుండా చేశావు."

నేను మృదుల భుజం మీద చెయ్యి వేశాను.

"తీసుకెళ్లిపోండి మాస్టారూ. ముక్క కాదు, మొత్తం తీసుకెళ్లిపోండి. నా దగ్గరుంటే చంపేస్తాను."

మాస్టారు మోకాలు పట్టుకుని లేచారు. మృదుల తలమీద చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచారు.

"నా దగ్గరున్నవన్నీ పోయాయి కదమ్మా," అన్నారు. "ఇది నీ దగ్గరే ఉండనీ."