బొంతయ్య వైద్యుడూ జరిగే తేనెపట్టూ

అనగనగా ఒక అడవిలో, అంత అడవికీ కలిపి ఒకే ఒక్క వైద్యుడు ఉండేవాడు. అతను ఒక ఎలుగుబంటి. పేరు బొంతయ్య. పేరుకు తగ్గట్టే ఒళ్ళంతా దట్టమైన బొచ్చు, చూడగానే నమ్మకం కలిగే మొహం. పొద్దు పొడవకముందే అతని గుహ ముందు రోగులు బారులు తీరేవారు. కుందేలుకు పంటిపోటు, కొండముచ్చుకు తోక బెణుకు, అడవిపందికి అజీర్తి. బొంతయ్య కూర్చున్న చోటు నుంచి లేవకుండా పొద్దుగూకేదాకా మందులు నూరేవాడు. ఆకలేస్తే పక్కనే తేనెపట్టు ఉండేది. చెయ్యి చాపితే చాలు.

వచ్చినవాళ్ళకి మందుతో పాటు ఒక మాట కూడా చెప్పేవాడు. "రోజూ కాస్త నడవండి. కాలు కదిలితేనే ఒళ్ళు తేలికవుతుంది." తాను మాత్రం నడిచేవాడు కాదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, అతని మాట అతనికి అలాగే అయింది.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం అతను గుహ దాటి తీరాలి. తొలకరి పడగానే ఆ అడవిలో వానజ్వరం వచ్చేది. దానికి ఒకటే మందు, కొండ నెత్తిన మొలిచే జ్వరగడ్డ. దాని పక్కనే అచ్చం అలాంటి విషగడ్డ కూడా మొలుస్తుంది. మట్టిలో ఉండగానే వాసన చూసి తేడా పట్టాలి. తవ్వి తీశాక రెండిటికీ ఒకటే వాసన. ఆ తేడా పట్టే ముక్కు బొంతయ్యకొక్కడికే ఉంది. అందుకే ఇంకొకర్ని పంపే వీలు లేదు.

కిందటి ఏడు బొంతయ్య సగం కొండ ఎక్కేసరికి రొప్పు వచ్చింది. అక్కడ ఒక చీలిన బండ ఉంటే దాని మీద కూలబడ్డాడు. ఎంతసేపు కూర్చున్నా మళ్ళీ కాళ్ళు లేవలేదు. చివరికి వట్టి చేతులతో దిగి వచ్చాడు. ఆ ఏడు వానజ్వరం చుక్కమ్మ అనే జింక కూతురు చిట్టిని పట్టుకుంది. చిట్టి బతికింది గానీ వెనక కాలు ఒకటి బలం తప్పింది. చుక్కమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే బొంతయ్యకు ఎక్కువ బాధగా ఉండేది. చిట్టి కుంటుకుంటూ ఎదురొస్తే అతను తల దించుకునేవాడు.

"వచ్చే తొలకరికి కొండ ఎక్కి తీరతాను," అని ఒట్టు పెట్టుకున్నాడు.

మర్నాడే మొదలుపెట్టాడు. గుహ ముందున్న చెట్ల చుట్టూ మూడుసార్లు పరిగెత్తాడు. ఆరంభశూరులు అడవిలోనూ ఉంటారు. ఆ మర్నాడు లేవబోతే నడుము పట్టేసింది. రోగులకని కాచిన నూనె తనే రాసుకుని పది రోజులు మూలుగుతూ పడుకున్నాడు. "పరుగు నా ఒంటికి పడదు," అని తేల్చేశాడు.

తర్వాత, "రోగులు తగ్గాక తీరిగ్గా చూద్దాం," అనుకున్నాడు. పిల్లలూ, ఈ మాట మీ ఇంట్లో కూడా ఎవరో అన్నట్టు గుర్తుందా? పేర్లు చెప్పనులెండి. రోగులు తగ్గలేదు. చలికాలంలో దగ్గులు వచ్చాయి, చలి పోయాక దురదలు వచ్చాయి. మోదుగులు ఎర్రగా పూశాయి. తొలకరికి ఇంక మూడు నెలలే ఉందని తలుచుకుంటే బొంతయ్యకు భయం వేసేది.

అప్పుడు వచ్చింది ముళ్ళవ్వ. ఆమె ఒక ముసలి ముళ్ళపంది. మూడేళ్ళ కిందట మోకాళ్ళ నొప్పితో ఈడ్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు చకచకా నడిచి వచ్చి, నాలుగు దుంపలు అతని ముందు పెట్టింది.

"నీ మందు పనిచేసింది నాయనా. ఏ మందిచ్చావో గుర్తుందా?"

"లేదవ్వా. రోజుకు ఎంతోమంది వస్తారు."

"ఏ మందూ ఇవ్వలేదు. రోజూ నడవమన్నావు. మొదటిరోజు మా బొరియ చుట్టూ ఒక్కసారి తిరిగాను, అంతే. ఇప్పుడు వాగు దాటి వెళ్ళొస్తున్నాను. అది సరే గానీ, నువ్వెంత దూరం నడుస్తావు?"

మందు నూరుతున్న బొంతయ్య చెయ్యి ఆగిపోయింది. "నాకు తీరిక ఎక్కడిదవ్వా," అన్నాడు చిన్నగా.

"తేనె తినడానికి ఉందా?"

"అది ఆకలి కదా."

"అయితే ఆ తేనెపట్టు ఇలా ఇవ్వు." ముళ్ళవ్వ దాన్ని తీసుకెళ్ళి, బయట పది అడుగుల దూరంలో ఉన్న ఉసిరిచెట్టుకు కొండముచ్చు చేత కట్టించింది. "పొద్దున అక్కడిదాకా వెళితేనే తేనె. రోగులు నీ వెంట నడుస్తారు. నాడి కూర్చుని చూడాలి గానీ, గోడు నడుస్తూ వినొచ్చు."

పది అడుగులే కదా అని బొంతయ్య నవ్వుకున్నాడు. రోజూ వెళ్ళాడు. వారం తిరిగేసరికి ముళ్ళవ్వ తేనెపట్టును వెదురుపొద దగ్గరికి జరిపించింది. ఇంకో వారానికి వాగు దగ్గరికి. అతను గొణిగాడు గానీ నడిచాడు. కుందేలు తన పంటిపోటు కథ చెబుతూ వెంట నడిచింది. అడవిపందికి నడకతోనే అజీర్తి పోయింది, అయినా కబుర్ల కోసం వస్తూనే ఉంది.

ఒకరోజు లేళ్ళ గుంపుకు దెబ్బలు తగిలితే కట్లు కట్టడంతోనే పొద్దు గడిచింది. నడక తప్పింది. మర్నాడు బొంతయ్య లేవలేదు. "ఎలాగూ తప్పింది, ఇంకేముందవ్వా," అన్నాడు.

"ఒకరోజు మానితే అవసరం. రెండో రోజూ మానితే అలవాటు. లే నాయనా," అంది ముళ్ళవ్వ. "కుదరకపోతే ఉసిరిచెట్టు దాకా వెళ్ళిరా. గడప మాత్రం దాటు."

అతను లేచి ఉసిరిచెట్టు దాకా వెళ్ళి వచ్చాడు. ఆ మర్నాడు మళ్ళీ వాగు దాకా వెళ్ళాడు.

తొలకరి వారంలో ఉందనగా, తేనెపట్టు చీలిన బండ మీదికి చేరింది. బొంతయ్య అక్కడికి వెళ్ళి, తేనె తిని దిగి వచ్చాడు.

ఉరుములు ఉరిమాయి. వాన పడిన రెండో రోజే చుక్కమ్మ తడిసి ముద్దై పరిగెత్తుకొచ్చింది. "అయ్యా, చిట్టి తమ్ముడికి ఒళ్ళు కాలిపోతోంది," అంది. అతని కాళ్ళ వంక చూసింది.

బొంతయ్య సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. దారంతా బురద. ఒకచోట జారి పడ్డాడు, లేచాడు. రొప్పు వచ్చింది, కాసేపు మెల్లగా నడిచేసరికి సర్దుకుంది. కొండ నెత్తికి చేరి, మోకాళ్ళ మీద వంగి, మట్టి వాసన చూసి, గడ్డలు తవ్వాడు. దిగుతుంటే దారిలో చీలిన బండ కనిపించింది. తేనెపట్టు దాని మీదే ఉంది. ఎక్కేటప్పుడు దాన్ని చూసిన గుర్తే లేదు అతనికి. అక్కడ నిలబడి ఒక్కసారి కళ్ళు తుడుచుకున్నాడు.

పొద్దువాలక ముందే కషాయం కూన గొంతులో పడింది. తెల్లారేసరికి చెమట పట్టి జ్వరం దిగింది. అడవిలో ఆ ఏడు జ్వరంతో ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ పొద్దున చుక్కమ్మ విశ్రాంతి తీసుకోమని చెప్పడానికి గుహకు వచ్చింది. గుహలో ఎవరూ లేరు. బయట ఉసిరిచెట్టు వైపు బొంతయ్య మెల్లగా నడుస్తున్నాడు. పక్కన చిట్టి కుంటుకుంటూ నడుస్తోంది. అతను తల దించుకోలేదు.

"వైద్యం తాతా, ఇవాళ ఎంత దూరం?"

"ఆ ఉసిరిచెట్టు దాకా. అంతే."

"మరి రేపు?"

"రేపు కూడా ఉసిరిచెట్టు దాకానే. రావడం మాత్రం మానకు," అన్నాడు బొంతయ్య.

నీతి: ఒక్కరోజు పరుగు కంటే రోజూ వేసే పది అడుగులు మేలు. తీరిక దానంతటది రాదు, మనమే గడప దాటాలి.