వంత నిలబడే చోటు

పోశాలుకు క్షయ వచ్చింది. పది నెలలు మందులు మింగాక రోగం పోయింది. అయితే పోతూ పోతూ ఎడమ ఊపిరితిత్తిలో సగాన్ని తన వెంట తీసుకుపోయింది. "బతుకుతావు, పని చేసుకుంటావు. మునుపటి దమ్ము మాత్రం రాదు" అని దవాఖానలో డాక్టరు చెప్పాడు. గొర్రెలు కాసేవాడికైతే అది మంచి కబురే. పోశాలు ఒగ్గు కథ చెప్పేవాడు.

అతని పేరంతా ఆ దమ్ము మీదే నిలిచింది. ఒగ్గు అనే చిన్న డమరుకాన్ని చేతపట్టి మల్లన్న పెండ్లి కథ ఎత్తుకుంటే, మల్లన్న గుర్రమెక్కిన దగ్గర నుంచి పెండ్లి పందిరి దాకా ఒక్క ఊపిరిలో లాక్కుపోయేవాడు. జనం ఈలలు వేసేవారు. కథకుడు విడిచిన మాటను అందుకుని తిరిగి పాడటం వంతవాడి పని. పోశాలుకు వంత బాలమల్లు. కానీ పోశాలు మాటను విడిస్తే కదా! తాళాలు పట్టుకుని బాలమల్లు పక్కన ఊరికే నిలబడేవాడు.

కోలుకున్నాక పోశాలు రోజూ తెల్లవారగానే గొర్రెల కొట్టం వెనక్కి వెళ్లి, ఎవరికీ వినపడకుండా పాడి చూసుకున్నాడు. మల్లన్న ఇంకా గుర్రం మీద సర్దుకోకముందే ఊపిరి అయిపోయేది. నెల గడిచింది. గుర్రం ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

సోమవారం పక్క ఊళ్లో కథ ఉంది. "పోశాలే చెప్తడు" అని గురువు ఓదెలు అతని తరఫున మాట ఇచ్చేశాడు. శనివారం పొద్దున పోశాలు ఒగ్గును గుడ్డలో చుట్టుకుని గురువు ఊరికి బయలుదేరాడు. రమ్మనకపోయినా బాలమల్లు తాళాలు పట్టుకుని వెంట వచ్చాడు.

డెబ్బై అయిదేళ్ల ఓదెలు వాకిట్లో కూర్చుని గొర్రె ఉన్ని కత్తిరిస్తున్నాడు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు రాలిన ఉన్నిని ఏరి, నల్లదీ తెల్లదీ వేరుచేస్తున్నారు.

"పానం ఎట్లున్నదిరా?"

"మంచిగనే ఉన్నది గురువా." పోశాలు గుడ్డ విప్పి ఒగ్గును ఆయన ముందు పెట్టాడు. "గిది నువ్వు నా చేతికిచ్చిందే. ఇంకెవలికన్న ఇయ్యి. సోమారం ఇంకొకన్ని తోలు. నాతోని కాదు."

ఓదెలు కత్తెర ఆపలేదు. "పాడి చూసినవా?"

"నెల సంది చూస్తున్న. కొట్టం ఎనక."

"వంత ఎవలు పాడిన్రు?"

పోశాలుకు ప్రశ్న అర్థం కాలేదు. "ఎవలు లేరు. ఒక్కన్నే."

ముసలాయన గొర్రెను వదిలేశాడు. చేతులకంటిన ఉన్ని దులుపుకుని లేచాడు. బాలమల్లు చేతిలోంచి తాళాలు తీసుకుని, పోశాలుకు ఎడమవైపు, ఒక అడుగు వెనకగా వెళ్లి నిలబడ్డాడు.

ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. శిష్యుడికి గురువు వంత నిలబడటం ఆ ఇండ్లలో ఎవరూ చూసి ఎరుగరు.

"గాడ నువ్వు నిలబడొద్దు గురువా!"

"కాళ్లు నాయి. నీకేం నొప్పి? ఎత్తుకో."

పోశాలు వంగి ఒగ్గు తీసుకున్నాడు. మొదలుపెట్టాడు. మల్లన్న గుర్రం దగ్గరికి వచ్చేసరికి, రోజూ తెగే చోటే, ఊపిరి తెగింది. అక్కడ వెనక నుంచి ఓ గొంతు ఆ మాటను అందుకుంది. జీరపోయిన గొంతు, తొందర లేని గొంతు. అది మాటను నిలిపి ఉంచినంతసేపూ పోశాలు గాలి పీల్చుకున్నాడు. తరువాతి మాట అన్నాడు. మళ్లీ తెగింది. మళ్లీ గొంతు అందుకుంది.

మూడోసారి అతనికి ఇంకొకటి వినిపించింది. తను పాడుతున్నప్పుడు వెనక ముసలాయన గాలి పీలుస్తున్నాడు. కొలిమి తిత్తి లాగినట్టు బరబరమంటూ. ఇరవై ఏళ్లుగా ఆయన కథలు విన్నాడు పోశాలు. వంత గొంతు కింద ఆ చప్పుడు ఒక్కనాడూ వినబడలేదు.

నడుమ దగ్గు వచ్చింది. పోశాలు ఒంగిపోయాడు. ఓదెలు మాటను పట్టగలిగినంతసేపు పట్టుకున్నాడు. ఆయన ఊపిరీ అయిపోవచ్చింది. సరిగ్గా అప్పుడు, ఉన్ని ముందు కూర్చున్న ముసలమ్మ ఒకతె ఆ మాటను అందుకుంది. పక్కన ఉన్నవాళ్లు ఆమెతో కలిశారు. పోశాలు నిటారుగా లేచేదాకా మాట వాళ్ల దగ్గరే ఉంది. అతను లేచి, అక్కడి నుంచే ఎత్తుకున్నాడు.

మల్లన్న పెండ్లి పందిరికి చేరడానికి ఎన్నడూ పట్టనంతసేపు పట్టింది. కానీ చేరాడు.

"చూస్తివి గదా గురువా," అన్నాడు పోశాలు, చెమట తుడుచుకుంటూ. "ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో నాకే లెక్క లేదు."

"పాట ఎన్నిసార్లు ఆగింది?"

పోశాలు ఆడవాళ్ల వైపు తిరిగి చూశాడు.

ముసలమ్మ నవ్వింది. "గిన్నేండ్లు నీ కథ ఇన్నం గని కొడుకా, మాకు నోరు తెరిచే సందియ్యకపోతివి."

ఓదెలు తాళాలను బాలమల్లుకు ఇచ్చేశాడు. వెళ్లి కూర్చుని గొర్రె కాలు పట్టి దగ్గరికి లాక్కున్నాడు.

పోశాలు చేతిలో ఒగ్గు నెమ్మదిగా మోగింది. మళ్లీ మొదటి నుంచే. బాలమల్లు గబగబా తన చోటుకు వెళ్లి నిలబడ్డాడు.

ఓదెలు తలెత్తకుండానే అన్నాడు:

"ఇంకొంచెం దగ్గరికి జరుగు బాలమల్లూ. గంత దూరం నిలబడితే వాని ఊపిరి నీకెట్ల ఇనబడుతది?"