బెజ్జాల్లేని అట్టలు

అడగ్గానే జవాబు చెప్పేస్తే బుర్రకి తుప్పు పడుతుందని వకుళ మేడమ్ నమ్మకం. ఆ రోజు అడిగింది హైమ, నాలుగేళ్ళుగా రెండు అమీబాల వెంటపడ్డ ఆమె శిష్యురాలు. రెండూ మనిషి పేగుల్లో బతికేవే, అక్కాచెల్లెళ్ళంత దగ్గరివి. ఒకటి తిని ఊరికే పడుంటుంది. రెండోది పేగుని తొలిచి, రక్తం పోయించి చంపుతుంది. ఎందుకో తేలిస్తేనే హైమకి డాక్టరేటు.

"రెండింటి జన్యువుల్లోనూ అవే గెంతుడు ముక్కలు మేడమ్. తమకు తామే నకళ్ళు తీసుకుని ఎక్కడపడితే అక్కడ దూరడం తప్ప ఇంకో పని లేదు వాటికి. పరాన్నజీవి మీద పడి తినే పరాన్నజీవులు! రెండింటినీ పోల్చేముందు ఆ చెత్త తీసెయ్యమన్నారు ఈ రంగంలో పెద్దలంతా, లెక్కలోంచి తీసేశాను. తీరా చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. నా నాలుగేళ్ళూ మట్టిపాలేనా?" అంది హైమ.

మేడమ్ ఆమెను వెంకటగిరిలో తన పుట్టింటికి తీసుకుపోయింది. అక్కడ వదినలిద్దరూ రెండు మగ్గాల మీద ఒకే రకం హంసల చీర నేస్తున్నారు. మగ్గం పైన బెజ్జాలు కొట్టిన అట్టలు దండలా తిరుగుతుంటాయి. ఏ వరసకి ఏ పోగు లేవాలో ఆ బెజ్జాలే చెబుతాయి. పెద్దావిడ రాజ్యం చీర నిగనిగలాడుతోంది. చిన్నావిడ సుగుణ తలపట్టుకు కూర్చుంది. ఆమె చీరలో ప్రతి హంసకీ మెడ తెగింది.

"ఏం పగే నీకు వాటి మీద? కత్తి పెట్టి కోసినట్టుంది!" అంది రాజ్యం.

"నీ దిష్టే అక్కా, ఇంకెవరిది?"

హైమ నిచ్చెనెక్కి సుగుణ దండ చూసింది. మెడ పడేచోట ఒక్క బెజ్జమైనా లేని అట్టలు మూడున్నాయి. నిన్న దండ తెగితే చేతికందిన అట్టలతో అతుకేసిందట సుగుణ. "ఉత్త అట్టలు పిన్నిగారూ, వీటిలో ఏమీ లేదు. పీకి పారేస్తే సరి."

"మొన్న నా దండకీ అలాగే అతికాగా! నా హంసలకేం కాలేదే?" అంది రాజ్యం.

హైమ దిగి రెండో నిచ్చెనెక్కింది. అక్కడా అవే మూడు అట్టలు. కాకపోతే హంసకీ హంసకీ మధ్య ఎడంలో ఉన్నాయి. మూడు వరసలు ఎక్కువ పడ్డా ఎవరి కంటా పడలేదు. ఆమె ఆ అట్టల్నీ, పక్క మగ్గం మీది మెడ తెగిన హంసల్నీ మార్చి మార్చి చూసింది.

కింద నుంచి వకుళ మేడమ్ నెమ్మదిగా అడిగింది. "హైమా, నువ్వు తీసేశావే ఆ గెంతుడు ముక్కలు... అవి ఏ అమీబాలో ఎక్కడెక్కడ కూర్చున్నాయో చూసే తీశావా?"