రాజుకు కావలసిన శత్రువు

మన తాతల తాతలు కూడా పుట్టకముందు, కొండల నడుమ మణిగుత్తి అనే రాజ్యం ఉండేదట. దాన్ని ప్రచండవర్మ ఏలేవాడు. ఏటికి అవతలి అడవిలో కాలకంఠుడనే తిరుగుబాటుదారు ఉండేవాడు. "అడవి బిడ్డల కోసమే నా కత్తి" అనేవాడు. కానీ ఆ కత్తి దిగేది సంతకొచ్చిన అమాయకుల మీదే.

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసి ఎరుగరు. ఒకరి పేరు వింటే మరొకరు పళ్ళు కొరికేవారు.

ఒక ఏడు వానలు పడలేదు. రాజు పన్ను తగ్గించలేదు. "ఈ రాజు మాకొద్దు!" అంటూ జనం కోట చుట్టుముట్టారు. ఆ వారంలోనే కాలకంఠుడు సంతకు నిప్పు పెట్టించాడు. గాజులు కొనుక్కోవడానికి వెళ్ళిన ఒక చిన్నపిల్ల ఆ మంటల్లో పోయింది. ఏటిలో పడవ నడిపే నాంచారికి ఆ పిల్ల ఒక్కగానొక్క బిడ్డ.

జనం పన్ను మాట మరిచిపోయారు. "ప్రభూ, మీరే దిక్కు!" అని అదే కోట ముందు చేతులు జోడించారు. రాజు సేనను పంపాడు. సేనకు కాలకంఠుడు దొరకలేదు. ఎదురుపడిన గూడేన్ని తగలబెట్టి వచ్చింది.

అప్పటికి కాలకంఠుడి వెంట పిడికెడు మందే మిగిలారు. అడవివాళ్ళు అతనికి గంజి పోయడం కూడా మానేశారు. గూడెం కాలాక మాత్రం కుర్రాళ్ళు కత్తులు అడుగుతూ అతన్ని వెతుక్కుంటూ వచ్చారు.

మరుసటి ఏడు ఊరిపెద్దలూ, గూడెం పెద్ద సింగన్నా సంధి మాటలకు కూర్చోబోయారు. సంధి కుదిరితే కాలకంఠుడి మాట వినేవాడుండడు. అందుకని పెళ్ళివారి బళ్ళ మీద పడ్డాడు. సంధి కుదిరితే రాజును అంత సేన ఎందుకని అడుగుతారు. "చూశారా! వీళ్ళతోనా మాటలు?" అని రాజు ఆ సంధి మాన్పించాడు. మళ్ళీ గూడేలు కాలాయి.

ఆ రోజు నాంచారి నడి ఏటిలో ఉంది. ఇటు ఒడ్డున రాజుకు జేజేలు. అటు ఒడ్డున కాలకంఠుడికి జేజేలు. ఆమె తెడ్డు వేయడం ఆపేసింది. తనలో తాను ఇలా అనుకుంది.

"అమ్మో! ఇద్దరూ ఒక్క మాటైనా కలిసి అనుకోలేదు. అయినా ఒకరినొకరు ఎంత చక్కగా పోషించుకుంటున్నారు!"

మూడోసారి కాలకంఠుడి మనుషులు ధాన్యపు కొట్టు కాపలావాళ్ళను చంపారు. "ఇంటికొకరు కత్తి పట్టి రండి" అని రాజు దండోరా వేయించాడు. కోట ముందు జనం చేరారు. నాంచారి బియ్యం గంపతో ముందుకొచ్చింది.

"ప్రభూ, నా బిడ్డను చంపినవాడు ఇంకా బతికే ఉన్నాడు. వాడు కొట్టినప్పుడల్లా మీ సింహాసనం గట్టిపడింది. మీరు గూడేలు కాల్చినప్పుడల్లా వాడి దండు పెరిగింది. చచ్చింది మాత్రం మా పిల్లలూ, వాళ్ళ పిల్లలూ."

"నువ్వు శత్రువు మనిషివా?" రాజు గర్జించాడు.

"బిడ్డ పోయిన తల్లిని" అంది నాంచారి. ఆ గంప నెత్తిన పెట్టుకుని అడవి దారి పట్టింది.

తర్వాత చనిపోయిన కాపలావాడి భార్య ఆమె వెనక నడిచింది. ఆపైన ఇంకొకరు. చూస్తుండగానే ఊరు ఊరంతా కదిలింది. కేకల్లేవు, కత్తుల్లేవు. అంత జనం అంత నిశ్శబ్దంగా నడవడం సైనికులు ఎన్నడూ చూడలేదు. అడ్డుపెట్టిన ఈటెలను తామే దించి దారిచ్చారు.

పడవల మీద ఏరు దాటేసరికి, అడవి అంచున కుర్రాళ్ళూ, వాళ్ళతో పాటు సింగన్నా బాణాలు ఎక్కుపెట్టి ఉన్నారు. "కొట్టండి! మీ ఇళ్ళు కాల్చింది వీళ్ళే!" అని కాలకంఠుడు అరిచాడు.

నాంచారి గంప దించి సింగన్న వైపు చూసింది. "అన్నా, నీ మనవలు పోయారట. నా బిడ్డా పోయింది. నీతో కలిసి ఏడుద్దామని వచ్చాను."

సింగన్న విల్లు నేల మీద పెట్టాడు. ఒక్కొక్క విల్లే కిందికి దిగింది. ఆ ఏటి నీళ్ళే వెనక్కి మళ్ళినంత వింతగా, ఇంతకాలం ఒకరినొకరు చంపుకున్నవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తలవాల్చి ఏడ్చారు.

కాలకంఠుడి చేతులు కట్టి పెద్దల ముందు నిలబెట్టింది ఆ కుర్రాళ్ళే. జనం మళ్ళీ కోటకు వెళ్ళి పన్ను సంగతీ, కాలిన గూడేల సంగతీ అడిగారు. భయపెట్టడానికి ఈసారి రాజు దగ్గర ఏ పేరూ లేదు. తలవంచుకుని సింహాసనం దిగిపోయాడు.

పిల్లలూ, మన భయం మీద బతికేవాళ్ళు పైకి శత్రువుల్లా కనిపించినా ఒకరికొకరు ఊతమే. ఎదుటివాడి దుఃఖాన్ని మనం విన్న రోజున ఇద్దరూ ఓడిపోతారు.